రెడీ అన్నారు

బడిలో పదకొండు బెంచీలు, ఒక పొయ్యి.
ఎవరి కట్టె వాళ్లే చంకన పెట్టుకొచ్చేవాళ్లు.
న్యూఫౌండ్‌లాండ్‌లో, పేరు తప్ప దారి లేని ఓ కడలి మూల.
మిస్ హిస్కాక్ నల్లబల్ల మీద ఒక్క మాట రాసింది: రెడీ.
వాక్యంలో పెట్టండి, అంది.

పడవ రెడీ, అన్నాడు ఎజ్రా.
టీ రెడీ, అంది డోర్కస్.
సెలీనా పార్డీకి ఏమీ తోచలేదు.
ఎనిమిదేళ్లు. వేళ్ల సందుల్లో ఉప్పు పగుళ్లు,
రాత్రంతా చేపలు తిరగేసిన నడుము.
నేను పడిపోడానికి రెడీ, అంది.
బడంతా గొల్లుమంది.
మిస్ హిస్కాక్ నవ్వలేదు.
అదీ సరైన వాడుకే, అని
సుద్దతో కింద రాసింది.

ఆ తీరంలో ఆ మాట అందరి నోళ్లలో నానింది,
ఒక్కో నోట ఒక్కో రుచి.
తెల్లారగట్ల మూడింటికి మెట్ల కింద నించి
నాన్న "రెడీయా" అంటే అది ప్రశ్న కాదు,
లే, అని.
అమ్మ "అంతా రెడీ" అంటే
ఇంకో అరగంట ఆగమని.
సమాధి అంచున నిలబడి పాస్టరు
"ఈయన రెడీగానే వెళ్లాడు" అంటే
తక్కినవాళ్లంతా బూట్ల వంక చూసుకునేవాళ్లు.

మెలిండా అత్తకి జవాబు రెడీ.
అడిగిన మాట గడప దాటకముందే ఎదురొచ్చి తగిలేది.
కన్నీళ్లూ అంత రెడీగానే ఉండేవి ఆవిడకి.
ఆ సంగతి గొర్రెలకి తెలుసు.

రెడీ మనీ అన్న మాట మాత్రం
ఎవరి నోటా వినపడలేదు.
ఎండిన కాడ్ చేపంతా వర్తకుడి కొట్టుకి పోయేది.
పిండి, బెల్లప్పాకం, తాడు, కిరసనాయిలు
అతని ఖాతాలోంచే వచ్చేవి.
ఆకురాలే కాలానికి రెండు గీతల మధ్య మిగిలేది సున్నా,
కొన్నేళ్లు అదీ లేదు.
మనం రొక్కం అంటాం చూడండి,
పలికితేనే నేల మీద పడి మోగినట్టుండే మాట,
అది సెలీనా చేతికి తగిలింది ఇరవై ఆరో ఏట,
ఆ దీవి కెనడాలో కలిసిన సంవత్సరం,
పిల్లల పేరున వచ్చిన చెక్కు మార్చినప్పుడు.
కేటలాగులో చూసి రెడీమేడ్ కోటు తెప్పించుకుంది.
ఎవరి కొలతలో అవి.
భుజాల దగ్గర ఇంకో మనిషి పట్టేంత ఖాళీ.
ఆ ఖాళీలో పదహారు చలికాలాలు గడిపింది.

ఆ మాటకి మూలం స్వారీ అంటారు తెలిసినవాళ్లు:
జీను బిగించి, కళ్లెం సరిచేసి,
గుర్రాన్ని దారికి అమర్చడం.
ఆ ఊళ్లో గుర్రం లేదు. దారీ లేదు.
ఉన్నవల్లా నీళ్లు.

అందుకేనేమో, గవర్నమెంటు మనిషి
తడిసిన సంచీలో కాగితం తెచ్చి
"ఊరు వదలడానికి మీరంతా రెడీయేనా" అన్నప్పుడు
ఆ మాట ఎవరికీ పూర్తిగా వినపడలేదు.
అక్కడ డాక్టరుంటాడు. కరెంటుంటుంది. హైస్కూలుంటుంది.
అబద్ధాలేం కావు.
ఒక్కొక్కరే సంతకం పెట్టారు.
సెలీనాది అందరికన్నా కింద, గీత తప్పి, పక్కకి ఒరిగి.

ఇంటిని దుంగల మీద దొర్లించి ఒడ్డుకి తెచ్చారు.
చుట్టూ ఖాళీ పీపాలు కట్టారు.
కప్పుల్ని అరలోనే ఉంచి దుప్పట్లు కుక్కారు.
పోటు వచ్చింది.
నెరిసిన గడ్డంతో, మోటారు పడవలోంచి
ఎజ్రా కేకేశాడు: సెలీనా, రెడీయా?

అందరూ ఆవిడ వంక చూశారు.
ఒక్క నిమిషం, అని లోపలికెళ్లింది.
చీపురు చప్పుడు వినపడింది.
సముద్రంలోకి పోబోయే ఇంటిని
మూల మూలా ఊడ్చి,
దుమ్ము తీసుకొచ్చి ఊరి రాళ్ల మీద పోసి,
తలుపు వేసింది.
ఇంకేమీ అనలేదు.

తాడు బిగిసింది.
ఇల్లు ముందుకి తూలింది,
పడిపోడానికి రెడీ అన్నట్టు.
తర్వాత నీళ్ల మీద నిలదొక్కుకుని
అడుగు వేసింది.
వంటింటి కిటికీ
చాలాసేపు ఇటే చూస్తూ వెళ్లింది.