ఆర్వో బారలు

పదహారడుగుల అల్యూమినియం పడవ.
అంచుకు బిగించాల్సిన బోల్టులు నాలుగు,
పెట్టెలో ఉన్నవి మూడు.
నాలుగోది రిత్వా
తన కోళ్ళగూటి తలుపు నుంచి ఊడదీసి తెచ్చింది.
"చేపకు తెలీదులే," అంది.

సొయింతులా రేవులో ఇంకా తెల్లవారలేదు.
నుదుటి దీపం వెలుగులో
డౌన్‌రిగ్గర్ చక్రానికి గ్రీజు పూస్తున్నాను.
ఇది చేత్తో తిప్పేది, లోతు చెప్పే అంకెలు లేవు.
తాడుకు బారకొక ఎర్ర నూలు ముడి,
అయిదింటికొకసారి జంట ముడి.
అన్నీ ఆర్వో వేసినవే,
చేతులు చాచి కొలిచినవే.
భుజం కోయించుకున్నాక
సామానంతా అరవై డాలర్లకు ఇచ్చేశాడు,
గుండుకు వేరే డబ్బు తీసుకోలేదు.

అయిదు కిలోల సీసపు గుండు.
దాన్ని తాడుకు నేరుగా కట్టనివ్వదు రిత్వా,
మధ్యలో సన్నటి నైలాను ఉచ్చు వేస్తుంది.
"రాయి పట్టుకుంటే
పోయేది గుండే కావాలి, మనం కాదు."

గాలానికి ఉప్పులో ఊరిన చిన్న చేప.
దెబ్బతిన్నదానిలా దొర్లాలి, అందుకని కొంచెం ఒంపుగా గుచ్చాలి.
దానికి నాలుగు మూరల ముందు ఫ్లాషర్,
అద్దంలా తళుక్కుమనే రేకు.
మోటారు మెల్లగా గొణుగుతుంటే
ఎరను ఇరవై అడుగులు వెనక్కి వదిలి
దారాన్ని క్లిప్పు పెదవుల మధ్య పెట్టాలి.
గట్టిగా కరిస్తే
పిల్ల చేప పడినా తెలీదు, పొద్దంతా ఈడుస్తూ తిరుగుతాం.
వదులుగా కరిస్తే కెరటానికే ఊడిపోతుంది.
మరెంత గట్టిగా అంటే
రిత్వా నా చెవి తమ్మె పట్టుకుని నొక్కింది.
"ఇంత."

బ్రేకు సడలించాను.
ఎర్ర ముళ్ళు ఒక్కొక్కటే నీళ్ళలోకి జారాయి.
ఆరు. తొమ్మిది. పన్నెండు.
పదహారు దగ్గర ఆపాను.
పటంలో అక్కడ లోతు పదిహేడు,
బారెడు ఖాళీ చాలనుకున్నాను.
గాలపు కర్ర వంగి, కొస సన్నగా వణుకుతోంది.
కాఫీ పోశాను. రిత్వా ఏలకుల రొట్టె విరిచింది.

అప్పుడు పడవ వెనక్కి చూసింది.
నిజంగానే, ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు
ముక్కు తిప్పి చూసింది.
చక్రం కీచుమంది. తాడు ఇనప కమ్మీలా బిగిసింది,
అంచుకూ నీళ్ళకూ మధ్య జానెడు.
"న్యూట్రల్! న్యూట్రల్!"
ముందు కర్రను ఎగరేసి, క్లిప్పు విడిపించి, ఎరను చుట్టేశాం.
తర్వాత పడవను వెనక్కి నడిపాం, ఎడమకి, కుడికి,
మళ్ళీ ఎడమకి.
ఉచ్చు తెగింది.
చొక్కా గుండీ ఊడినంత చప్పుడు, అంతే.

మోటారు ఆపి, ప్రవాహానికి వదిలేసి,
తిరిగొచ్చిన తాడును కొలిచాను
ఛాతీ మీదుగా, వేలి కొస నుంచి వేలి కొసకు.
ఆర్వో పదహారు
నాకు ఇరవై.
పటం లెక్కలో చూసినా పదిహేడు దాటింది.

మొన్న సామాను అప్పగిస్తున్నప్పుడు
ఎంత లోతున వేయమంటారని అడిగాను.
చూపించడానికి చేతులు చాచబోయాడు.
ఎడమది సగంలో ఆగిపోయింది.
దాన్ని అలాగే తీసుకెళ్ళి జేబులో పెట్టుకుని
వాతావరణం గురించి మాట్లాడాడు.

ఎర్ర ముళ్ళు విప్పలేదు.
రిత్వా స్వెట్టర్ అంచు నుంచి నీలం ఉన్ని లాగి
నా బారకొకటి కట్టుకుంటూ పోయాను.
నాలుగు ఎర్రవాటికొకసారి
రెండు రంగులూ ఇంచుమించు ఒకచోటికి వస్తున్నాయి.
గుండు లేదు గనక
లంగరు గొలుసు ఇంత మడిచి కట్టాం.

పది గంటలకు కర్ర కొస ఒక్కసారిగా నిటారుగా లేచింది.
క్లిప్పు వదిలేసింది.
తిప్పుతున్నాను, వదులు, ఇంకా వదులు,
ఇదిగో, బరువు.

పక్క పడవలోంచి వెయిక్కో కేకేశాడు:
"ఎన్ని బారల్లో పడింది?"
రిత్వా వలగంప పట్టుకునే
వాడివైపు తిరిగి అరిచింది:
"ఎవరి బారలు?"