ఆరో రెక్క

ఏప్రిల్ పదిహేను. వేట బంద్.
బలుసుతిప్ప ఏట్లో బోట్లు ఒకదాన్నొకటి ఆనుకుని
మోకులు బిగించుకుని నిలబడ్డాయి.
అరవై ఒక్క రోజులు.
పెమ్మాడి ధనకోటి గట్టు మీంచే కేకేశాడు:
"ఇంజనుకేటి మేస్త్రీ, బానే ఉంది. తాళం ఎట్టేద్దారి."

బానే ఉన్న ఇంజన్లనే
నేను జూన్‌లో ఎక్కువ చూశాను,
మొగ దాటకుండానే పొగలు కక్కుతూ.

ముందు ఉప్పునీళ్ళ పంపు మూత.
నాలుగు ఇత్తడి మరలు. మూడు వస్తాయి.
నాలుగోదానికి కిరసనాయిలు చుక్కేసి
బీడీ కాలినంతసేపు ఆగాలి.
లోపల గోడలకి పటికలా పేరుకున్న ఉప్పు,
మడ బురద వాసన,
గోరంత నత్తగుల్ల ఒకటి,
ఎన్ని వేటలు తిరిగిందో టిక్కెట్టు లేకుండా.

ఇంపెల్లరు చేతిలోకి తీసుకున్నాను.
నల్ల రబ్బరు, అరచేతిలో ఇమిడేంత.
సముద్రాన్ని గుక్కెడు గుక్కెడు లాగి
మంట చుట్టూ తిప్పి
మళ్ళీ సముద్రానికే అప్పజెప్పే రెక్కలు.
ఆరుండాలి.
లెక్కపెట్టాను. ఐదు.
తుడిచి మళ్ళీ లెక్కపెట్టాను.

"ఐదుతోనే నడిచింది గదా," అన్నాడు ధనకోటి.
నడిచింది. ఇంకా నడుస్తుంది కూడా.
కానీ ఆరోది ఎక్కడికి పోతుంది?
కూలరు సందులు దాని కంటే సన్నం.
తెగిన రెక్క లోపలే ఉంటుంది.

నాకు పని నేర్పిన సంగాని అప్పలస్వామి
(నేర్పడమంటే ఆయనకి తిట్టడమే)
స్పానరుతో మోచిప్ప మీద కొట్టి అనేవాడు:
"కొత్తది ఎవడైనా బిగిత్తాడ్రా ఎదవా,
పాతముక్క సూపించి అప్పుడు బిగించు."

గొట్టం ఊడదీశాను. లేదు.
వంపులో తీగ పెట్టి గెలికాను. లేదు, తుప్పు.
ధనకోటి ఫోను లైటు పట్టుకున్నాడు,
మొదట నా మొహం మీదకి, తర్వాత సరిగ్గా.
కూలరు నోట్లో, మూడు సందులకి అడ్డంగా,
చింతగింజంత నలుపు.
పటకారుతో లాగి అతని చేతిలో పెట్టాను.

చాలాసేపు చూశాడు.
"మార్చిలో ఆ రాత్రి
ముల్లు ఎర్రగీత దాటేసింది మేస్త్రీ.
ఒల కోసేసుకుని వొచ్చేశాం.
ముల్లు సూడలేదని ఈరబాబుని కొట్టాను.
వాటా కూడా ఇవ్వలేదు."
నేనేమీ అనలేదు. గొట్టం లోపల ఇంకా తుడవాల్సి ఉంది.

తర్వాత తీపినీళ్ళు.
కాలవ కట్టేసి వారం, ట్యాంకరు రోజు మార్చి రోజు.
కాసులమ్మ రెండు బిందెలు చప్టా మీద దించి
"మనుసులకే లేవు. దీని పొట్టకి ఎన్ని కావాలంట?" అంది.
గొట్టం పైకెత్తి, గరాటు పెట్టి, చెంబుతో పోశాను.
కింద కారినవి నాలిక మీద వేసుకున్నాను.
ఉప్పు. ఇంకో చెంబు.
ఉప్పు, కొంచెం డీజిలు. ఇంకో చెంబు.
రెండో బిందె సగంలో ఆగిపోయింది ఉప్పు.
మిగిలిన సగం ఆవిడ చంకనెత్తుకుని
వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

కొత్త ఇంపెల్లరు ఇప్పుడు బిగించను.
రెండు నెలలు కదలకుండా కూర్చుంటే
ఒంగిన రెక్క ఒంగినట్టే గట్టిపడుతుంది.
జూన్‌లో వస్తాను, గిన్నెలు తోమే సబ్బు నురగ రాసి,
తిరిగే వైపుకే రెక్కలన్నీ మడిచి తోస్తాను.
గ్రీజు తగలనివ్వను, రబ్బరుకది పడదు.
అంతవరకూ నా బిస్కెట్ డబ్బాలో,
ఎండ తగలని అటక మీద.

అట్టముక్క మీద బొగ్గుతో రాసి
తాళంచెవికి కట్టాను:
పంపు ఖాళీ. స్టార్ట్ చెయ్యొద్దు.

తెగిన ముక్క పారేస్తానని చెయ్యి చాచాను.
ధనకోటి దాన్ని చొక్కా జేబులో వేసుకుని
గుండీ పెట్టుకున్నాడు.
గట్టు ఎక్కాక అడిగాడు,
"యానాం ఐసు ఫ్యాక్టరీ పొద్దున్న ఎన్నింటికి తీత్తారు మేస్త్రీ?
ఈరబాబు అక్కడే సేత్తన్నాడంట."

నాలుగింటికి, అన్నాను.