మూడోది

సొహార్‌ల తెల్లారి నాలుగ్గంటలకు
పదకొండో నంబరు పంపు నూనె వడగట్టి
కాగితం మీద మిగిలినదాన్ని
రయ్యా మేడం బల్ల మీద పెడుత.
కాటుకంత సన్నం రజను.
కింద అయిస్కాంతం జరిపితే
కొన్ని వెంట్రుకలోలె నిక్కుతయి, కొన్ని కదలయి.
కదలనిది ఎడారి.
నిక్కింది నిన్నటిదాకా బేరింగు.

ఆమె తెర మీద రెండు ఉక్కు ముఖాలు.
మనకు అద్దమోలె కనవడేది
అక్కడ గుట్టలు, బొందలు.
తాకేది కొనలేనట,
చెయ్యంత జాగల గోరంత గూడ కాదు,
బరువంత ఆ నాలుగు కొనల మీదనే.
మా క్యాంపు యాదికొచ్చింది. అనలే.

లెక్క చిన్నదే.
బరువును నడిచిన దూరంతోని హెచ్చవేసి
గట్టిదనంతోని భాగించాలె.
ముందట ఒక అంకె పెట్టాలె,
అది ఏ పుస్తకంల దొరకదు,
అరగదీసి చూస్తెనే తెలుస్తది.
అందుకే మూలకు ఒక ఇనుప పుల్ల
పళ్ళెం మీద రాత్రంత తిరుగుతది.
కావలి నేను. తూచేది నేను.
మిల్లీగ్రాములో నాలుగో వంతు తక్కువొచ్చింది.
ఇంత తిరిగితే ఇంతేనా, అన్న.
ఏండ్లు లెక్కగట్టు, అన్నది.

మా అవ్వ మల్కవ్వ కోరుట్ల గల్లీలల్ల
"రోళ్ళకు కక్కు, ఇసుర్రాళ్ళకు కక్కు" అని ఒర్లుకుంట తిరిగేది.
నున్నవడ్డ రాయి జొన్నను జార్చుతది, పిండి చెయ్యది.
ఉలితోని టకటక పొడిచి మళ్ళ గరుకు తెచ్చేది.
కూలి సోలెడు నూకలు.
మొదటి పిండి పారబొయ్యిన్రి, రాయి వస్తది అని
ప్రతి గడపకు చెప్పేది.
ఎవలు పారబోస్తరు?
పంటి కింద కరకరమంటే మల్కవ్వను తిట్టేటోళ్ళు.

నా వచ్చీరాని హిందీల, సగం చేతులతోని,
ఇదంత మేడంకు చెప్పిన.
ఆమె పెన్ను ఆపింది.
మా అమ్మమ్మకూ ఉండె ఆ రాయి,
రహా అంటం మేం, అన్నది.
మొన్నటి లెక్క తీసి చూపెట్టింది. తప్పింది.
అనుకున్నంత అరగలే పళ్ళెం.
రాలిన రజను బయటికి పోలే,
రెండింటి నడుమ ఇరికి, నలిగి, పొరోలె పరుచుకొని
బరువు తనే మోస్తున్నది.
"మూడోది అంటం దీన్ని.
ఒకపారి కోస్తది, ఒకపారి కాస్తది.
ఏదెప్పుడో నా లెక్కకింక చిక్కలే."

డ్యూటీ దిగేటప్పుడు
గేటు కాడి మిషను నా బొటనవేలును గుర్తువట్టలే.
అంగికి తుడిచి మళ్ళ పెట్టిన. ఎర్రలైటే.
పన్నెండేండ్ల గీతల పొడి
ఏ కాగితం మీద పడ్డదో, ఎవలు తూచిన్రో.
వెనుక లైనుల ఎవడో గొణుగుతున్నడు.
ఎడమచెయ్యి పెట్టు అన్నడు నేపాలీ వాచ్‌మన్.
పెట్టిన.
పచ్చలైటు.