చెంచాడు తోడు

మూడో ట్యాంకు, రెండో అర, ఏడో గడి.
అల్యూమినియం పెట్టెలో అరచెయ్యంత సంచి.
దాని మీద పదకొండేళ్ళ కిందటి నా చేతిరాత.
ఏడు అంకెకి అప్పట్లో నడుం మీద గీత పెట్టేదాన్ని.

పేరు: ఓల్డ్‌రాయిడ్, మారీన్.
ఈ షెఫీల్డ్‌లోనే చెంచాలకి మెరుగు పెట్టిన మనిషి.
పదహారో ఏట ఫ్యాక్టరీలో చేరి
ఒంటికి గోధుమరంగు కాగితం చుట్టుకుని
తిరిగే చక్రానికి ఒక్కో చెంచానీ ఆనించి
అందులో తన మొహం కనపడేదాకా వదిలేది కాదట.
మూలకణాలు తీసిన రోజున
రెండు చేతులకీ గొట్టాలు, ముక్కు మీద దురద.
గోకమంది నన్ను.
నేను ల్యాబ్ మనిషిని, సంచి కోసం వచ్చానన్నాను.
గోకాను.

గడ్డకట్టించడానికి తొందర పనికిరాదు.
నిమిషానికి ఒక్క డిగ్రీ.
తొందరపడ్డావా, నీరు లోపలే సూదులై కణాన్ని చీరేస్తుంది.
మరీ నింపాదిగా పోయావా, ఎండి వడలిపోతుంది.
ఆ రాత్రి యంత్రం ముందు స్టూలేసుకుని కూచున్నాను
పాలు పొంగుతాయేమోనని కాపలా కాసినట్టు,
కాకపోతే తలకిందులుగా.

తర్వాత నైట్రోజన్ పొగలోకి.
సున్నాకి నూట తొంభై మెట్లు కింద.
అక్కడ చావూ లేదు, బతుకూ లేదు.
నిద్ర అందామంటే ఊపిరైనా ఆడాలి కదా.
దానికి సరైన మాట నాకు తెలుగులో దొరకలేదు,
ఇక్కడివాళ్ళ యాసలోనూ దొరకలేదు.

ఒక సంచి అప్పుడే ఎక్కించారు. రెండోది మిగిలింది.
ఏటా నవంబర్లో ఫోను: "మావాళ్ళెలా ఉన్నారు?"
"చల్లగా ఉన్నారు" అనేదాన్ని.
ఆమెకది ఉష్ణోగ్రత. పకపకా నవ్వేది.
మా అమ్మమ్మ తల మీద చెయ్యి పెట్టి అనే మాట అదేనని
నేనెప్పుడూ చెప్పలేదు.

ఒక ఏడు మంచుకి కొండదారి మూసేస్తే
నైట్రోజన్ లారీ అవతలే చిక్కుకుపోయింది.
రెండు రాత్రులు కర్ర ముంచి తీసి
తెల్లగీత ఎక్కడిదాకా ఉందో చూస్తూ గడిపాను.
ఇంకోసారి ఆఫీసు నుంచి జాబితా:
పారెయ్యదగినవి, కారణాలతో.
ఆమె పేరు పక్కన "ఉంచాలి" అని రాశాను.
కారణం గడిలో: "ఫోన్ చేస్తుంది".

పోయిన నవంబర్లో ఫోను రాలేదు.
ఫిబ్రవరిలో వార్డు నుంచి కాగితం వచ్చింది.

మంచం పక్కనే గోరువెచ్చటి నీళ్ళ తొట్టి.
రెండు నిమిషాలకి సంచి మెత్తబడింది,
దానిమ్మ రసంలా కదిలింది.
గొట్టంలోకి దిగగానే గదంతా
ఉడికిన మొక్కజొన్న పొత్తుల వాసన, మందుది.
"ఒక రోజు దాటిన పాలే పారబోస్తాను నేను," అంది.
"పదకొండేళ్ళ సరుకు పనిచేస్తుందా?"

పెరుగు సంగతి చెప్పాను.
గిన్నె ఖాళీ అవుతున్నా అడుగున కాస్త మిగులుస్తాం,
రేపటి పాలకి ఆ చెంచాడే తోడు,
తోడంటే తోడుండే మనిషి కూడా, అని.
మొత్తం విని, కళ్ళు మూసుకునే అడిగింది:
"ఏ చెంచా?"

ఇవాళ తొమ్మిదో రోజు.
పొద్దున్న రిపోర్టులో తెల్లకణాలు: సున్నా.
నిన్నా సున్నా.
వార్డుకి ఫోన్ చెయ్యబోయి రిసీవర్ పెట్టేశాను.

ఇంటికొచ్చి పాలు కాచి, వేలు పెట్టి చూసి, తోడేశాను.
ఈ ఊరి చలికి బయటుంచితే తోడుకోవు.
ఓవెన్లో దీపం ఒక్కటే వేసి, గిన్నె లోపల పెట్టి,
చెంచా కడిగి వెనక్కి తిప్పి చూశాను.
సన్నటి అక్షరాల్లో ఈ ఊరి పేరు.
అది ఎవరి చేతిలో మెరుగెక్కిందో.

అద్దం తలుపులోంచి పాలు తెల్లగా కనిపిస్తున్నాయి.
కట్టాయో లేదో తెలియాలంటే గిన్నె వంచాలి.
వంచకూడదు.
దీపం అలాగే ఉంచి పడుకున్నాను.