వరుసలో ఆఖరి మనిషి

గ్యూమ్రీలో తెల్లారడమంటే
మంచు కింద వీధి ఉందో లేదో
కాలితో తడిమి చూసుకోవడం.
నాలుగింటికే వర్దుహి
నేలలో దిగేసిన తోనీర్ పొయ్యికి నిప్పు పెడుతుంది.
నేను పిండి పిసుకుతాను.
పదకొండేళ్లుగా అదే పని,
ఇప్పటికీ ఉప్పు ఎక్కువేస్తానని తిడుతుంది.

ఆమెది రేకు డబ్బా ఇల్లు.
"రెండేళ్లకే" అని చెప్పి ఇచ్చారట, భూకంపమప్పుడు.
ఆ రెండేళ్లు ముప్ఫై దాటాయి.
లోపల మేకుకి ఒక బడిసంచీ.
దాన్ని ఎవరూ దులపరు.

ఆ బడి గోడల్లో సిమెంటు కంటే ఇసుకే ఎక్కువని
ఊరందరికీ తెలుసు.
కట్టించిన మేస్త్రీ పేరూ తెలుసు, హ్మాయాక్.
మిగిలిన బస్తాలు ఎవరెవరి ఇళ్లకి నడిచాయో
తెలిసినవాళ్లకి తెలుసు.
నేల ఊగింది అర నిమిషం.
గోడలు అంతసేపూ ఆగలేదు.

ఇప్పుడతను రొట్టెల వరుసలో ఆఖరున నిలబడతాడు.
వెనక ఎవరైనా వస్తే జరిగి చోటిస్తాడు.
నాణేలు రెండుసార్లు లెక్కపెట్టుకుంటాడు.
వర్దుహి అతని ముఖం చూడదు.
లవాష్ మడిచి ఇస్తుంది, అందరికీ ఇచ్చే తూకమే.
ఒక్కోరోజు చెయ్యి తప్పి ఒక ముక్క ఎక్కువ పడుతుంది,
వెనక్కి తియ్యదు.

ఒకసారి సెర్గో అతని బూట్ల మీద ఉమ్మాడు.
ఆమె పొయ్యి మీద మూత పెట్టేసింది.
"తుడువు. అందాకా ఎవరికీ రొట్టె లేదు."
కడుపుకోత ఎవరిదో ఈవిడే మరిచిందని
వరుసంతా గొణిగింది.
సెర్గో తుడిచాడు. ఆకలి అలాంటిది.

"క్షమించావా?" అన్నాను ఆ రాత్రి, ఉండబట్టలేక.
పొయ్యిలోకి నడుం దాకా వంగి ఉంది.
లోపల్నుంచి గొంతు వచ్చింది:
"రొట్టె మాడుతోంది, చూడు."

ఆదివారం, పగుళ్లు పూడ్చిన గోపురం కింద
పాదిరిగారు కొండమీది మాటలు చదువుతారు.
ధన్యులు, ధన్యులు, ధన్యులు.
ఏడ్చేవాళ్ల దగ్గరికొచ్చేసరికి
నాకు ఆ బడిసంచీ కనపడుతుంది.
కనికరం దగ్గరికొచ్చేసరికి
ఆమె దగ్గుతుంది. ప్రతిసారీ అక్కడే.
చాలాకాలం పొగదగ్గు అనుకున్నాను.

ఈ జనవరిలో హ్మాయాక్ మూడురోజులు రాలేదు.
నాలుగోరోజు ఆమె వరుస చివరికి చూసింది.
చూడటం నేను చూశాను.
దుకాణం నాకొదిలి, శాలువా బిగించి,
కోపంగా, నిజంగా కోపంగానే,
నాలుగు రొట్టెలు చంకలో పెట్టుకుని
మంచులోకి వెళ్లిపోయింది.

తిరిగొచ్చేసరికి పొద్దు వాలింది.
"బతికే ఉన్నాడు" అంది.
కాసేపాగి,
"ముఖం బాగా ముసలిదైపోయింది."
అంతే. చేతులు కడుక్కుంది,
మోచేతుల దాకా, చాలాసేపు.

ఆ కంగారులో మర్నాటి పిండికి
ఉప్పు వెయ్యడం మరిచాను.
వేలితో రుచి చూసి, తిట్టకుండా
డబ్బా తనే అందుకుంది.
గుప్పెడు వేసింది,
నేనెప్పుడూ వెయ్యనంత.