ఒక్క ఇంగ్లీషు ముక్క

మా అమ్మ కూర్మమ్మకి వచ్చిన ఇంగ్లీషు
ఒకటే ముక్క.
కాశీబుగ్గ జీడిపిక్కల ఫేక్టరీలో
ఇరవైరెండేళ్ళుగా దానిమీదే బతుకుతోంది.

ఏం పనమ్మా అని ఎవరడిగినా
"కటింగు" అంటాది,
కలెక్టరుగిరీ చెప్పినట్టు.

ఎడంచేత్తో పిక్క పెట్టి, కుడికాలితో పెడలు నొక్కి,
కట్.
గుండుగా వస్తే కిలోకింతని లెక్క.
బద్దయితే సగం లెక్క.
నూకయితే మేస్త్రీ దండాసి చూపొకటి.

పిక్కనూనె తాగి తాగి వేళ్ళు నల్లబడ్డాయి.
ఆ వేళ్ళని వేలిముద్రల మిషను గుర్తుపట్టలేదు,
మూడు నెలలు రేషను కట్.
తుపాను ఏడు తోటలు పడుకున్నాయి,
పని కట్.
నాతో ఫోన్లో ఏదో అసలు సంగతి ఎత్తుకోగానే
కట్.
నాన్న సారా మానేశాడని చెప్పడానికి
గాల్లో అరచెయ్యి అడ్డంగా ఆడించి, కట్!
నాలుగు రోజులకి ఆ గాలి మామూలే.
పెద్దమ్మతో మాటలు కట్ (అది అడక్కూడదు).

శ్రీకాకుళం హాస్టల్లో నా డిక్షనరీ
ఈ ముక్కకి రెండు పేజీలిచ్చింది.
చదువుతూ వెళ్ళాను,
చాలావరకు మా అమ్మ వాడేసినవే.

అందులో లేనిది ఒకటుంది.
చూపుడువేలు బ్లేడు కిందికెళ్ళిన రోజు
గుమ్మంలో నిలబడి అంది:
"కట్టయిందే గుంటా, కట్టు కట్టు."
నాకు నవ్వొచ్చింది.
రత్తం కారతంటే నవ్వుతావా అని
బాగున్న చేత్తో ఒకటిచ్చింది.

అప్పట్నించీ నా చెవిలో రెండూ కలగలిసిపోయాయి.
డ్వాక్రా వాయిదా కట్టాలి, కూలి కట్.
గోడ సగం కట్టాం, బిల్లు కట్.

కిందటి మాఘంలో షావుకారు
కిలోకి నాలుగు రూపాయలు కట్ అన్నాడు.
ఆ మాట మోసుకొచ్చిన దండాసి
చెప్పినంతసేపూ గోడనే చూశాడు.
అమ్మ పెడలు మీంచి కాలు తీసింది.
కొంగు నడుముకి కట్టింది.
పక్కపీట తవిటమ్మ కట్టింది.
ఆ పక్కామె. ఆ వెనకామె.
నూటపది మిషన్లు ఊరుకుంటే
పలాస స్టేషన్లో బండి పేరు చదవడం
లోపలికి వినబడిందట.

తొమ్మిది రోజులు.
నాలుగులో రెండున్నర తిరిగొచ్చింది.
మిగతా రూపాయిన్నర ఇంకా తేలలేదు.

మొన్న సెలవులకెళితే
"అదెలా రాస్తారే" అంది.
కరెంటు బిల్లు వెనక రాసి చూపించాను: సీ, యూ, టీ.

"ఓలమ్మ, మూడేనా!"
కాగితం దీపం దగ్గరికి జరుపుకుంది.
మొదటి అక్షరం మీద నల్లవేలు పెట్టి,
"ఇది మన జీడిపప్పే కదేటి.
నడిమిది గిన్నె."
మూడోదాన్ని అటూ ఇటూ తిప్పి చూసి,
"ఇది మాత్రం మాకు తెలీదమ్మా" అని
బియ్యం ఏరుకోడానికి లేచింది.