ఏడో పాటకీ ఎనిమిదో పాటకీ మధ్య

మార్సెయ్ రేవు వెనక, నాలుగో అంతస్తులో
రాత్రి రెండింటికి నసూఫ్
పాటలకు వియ్యం కుదురుస్తున్నాడు.

ఒక చెవిలో బాల్కన్ పెళ్లి బాకాలు,
రెండో చెవిలో గ్నావా ఇనుప తాళాలు.
అటువాళ్లది నూట ముప్ఫై మీద పరుగు,
ఇటువాళ్లు తొంభై ఆరు దాటి అడుగెయ్యరు.
వేలికొసతో పళ్లెం అంచు పట్టి
కాస్త ఆగవే తల్లీ అంటాడు, వాళ్లమ్మ భాషలో.
ఆగదు.

ఆరో పాటదాకా అంతా ఒద్దికే.
అమ్మ కేసెట్టులోని త్వారబ్ వయొలిన్‌కి
అరిగిన టేపు బుసను కూడా ఉంచేశాడు,
అది మొరోనీ సముద్రమని
తనకు తానే అబద్ధం చెప్పుకుని.
ఏడు దాటాకే గోతిలో పడుతోంది నడక.

తలుపు మీద దబదబ.
మూడో అంతస్తు అరాక్సీ గారు.
గౌను మీద శాలువా, చేతిలో కర్ర, నోటినిండా తిట్లు.

తిట్టు సగంలో ఆగింది.
తొమ్మిదో పాటకని దాచిన దుదుక్
పొరపాటున స్పీకర్లో లేచింది.
ఆమె కూర్చోలేదు. ఏడవలేదు.
కర్రతో నేలను కొట్టింది:
రెండు, మూడు. రెండు, రెండు, మూడు.
నసూఫ్ మైకుని నేలకి ఆనించాడు.

ఇప్పుడా ఆల్బంలో
ఏడోది పోయి ఎనిమిదోది ఇంకా రాని
పదకొండు సెకన్లున్నాయి.
బాకాల్లేవు, తాళాల్లేవు.
చెక్కనేల మీద కర్ర.
దాని అడుగున, చెవి ఒగ్గితే,
ముక్కు చీదిన చప్పుడు.

డకార్‌లో, బెర్లిన్‌లో కుర్రాళ్లు
సరిగ్గా అక్కడే గాల్లోకి గెంతుతారట.
అరాక్సీ గారు మాత్రం ఇప్పటికీ
పదిగంటలు దాటితే
కర్రతో తన పైకప్పు పొడుస్తారు,
కోపంగానే,
లయ తప్పకుండా.